చిన్న ఏటికి చవక రాడ్డు

"ముట్టుకోకండి!"

కాంపౌండరు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చేపలు పట్టే సామాన్లు అమ్మే షాపు అది. గోడ పొడుగునా ఫ్లై రాడ్లు నిలబెట్టి ఉన్నాయి. ఈగలా కనిపించే ఈక ఎరని నీళ్ల మీదకి విసిరే రకం. కౌంటరు వెనక షాపాయన మొహం చూస్తే, పొద్దున్నే ఎవరో చెంప పగలగొట్టి పంపించినట్టుంది.

"కొనడానికే వచ్చానండీ," అన్నాడు కాంపౌండరు.

"అందరూ అదే చెబుతారు. ఊపి చూస్తారు, కొన విరుస్తారు, మళ్లీ వస్తానంటారు. ఏం కావాలి?"

"చిన్న ఏటికి పనికొచ్చే రాడ్డండీ. కాస్త చవకలో."

"చిన్న ఏటికట! చవకలోనట!" షాపాయన వీధి వీధంతా వినబడేలా అరిచాడు. దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూశారు.

కాంపౌండరుకి చెవులు ఎర్రబడ్డాయి. అక్కణ్నుంచి వెళ్లిపోవాలనిపించింది. ఎలా వెళ్తాడు? ఆదివారాలు మామగారు అల్లుళ్లిద్దరినీ ఏటికి తీసుకెళ్తారు. సొంత రాడ్డు లేని అల్లుడు ఇతనొక్కడే. పోయిన ఆదివారం తోడల్లుడు తన పాత రాడ్డుని ఇతని చేతిలోంచి లాక్కుని, మామగారి ఎదుటే, "ఇంకెన్నాళ్లు అన్నయ్యగారూ, ఈ అరువు బతుకు?" అన్నాడు. మామగారు నవ్వారు. ఆ నవ్వు వారమంతా ఇతనికి ముద్ద దిగనివ్వలేదు. రేపు మళ్లీ ఆదివారం.

ఇంట్లో భార్య గొడవ ఇంకొకటి. "చవకది చూసి కొనండి. మిగిలినదాంతో బండి వెనక టైరు మార్పించండి. అరిగిపోయి నున్నగా అయింది. దాని వెనకాలే కదా పిల్లని కూర్చోబెట్టుకుని స్కూలుకి తీసుకెళ్లేది! ఈసారి మర్చిపోయారో, మీరూ మీ చేపలూ ఆ ఏట్లోనే ఉండండి," అని మరీ పంపింది.

అందుకే కాంపౌండరు కోపం దిగమింగి ఒక పొడుగాటి రాడ్డు వైపు చూపించాడు. "అదెంతండీ?"

"మీ ఏరు ఎంత వెడల్పు?"

"రాయి విసిరితే అవతల పడుతుంది."

"మరి అంత రాడ్డెందుకు? ఇవతల నిలబడి అవతలి గట్టు మీద మేకల్ని పడతారా? చిన్న ఏటి మీదకి కొమ్మలు వంగి ఉంటాయి. పైకెత్తగానే చిక్కుకుంటుంది. పొట్టిది కావాలి, తేలికది కావాలి. వేలెడు చేప లాగినా ఒంగేది కావాలి. ఆ మాత్రం తెలీకుండా బయల్దేరిపోతారు!"

"సరే, అలాంటిదే ఇవ్వండి."

షాపాయన మూలనుంచి దుమ్ము పట్టిన రాడ్డొకటి తీసి కౌంటరు మీద పడేశాడు. పొట్టిదే. ధర కూడా అందుబాటులోనే ఉంది. కాంపౌండరు పట్టుకుని మెల్లగా ఊపాడు. "అతుకు దగ్గర కదులుతోందండీ."

"మీరిచ్చే డబ్బుకి కదలకుండా కూడా ఉండాలా?"

"నలుగురిలో పట్టుకునేది కదా అని..."

"ఓహో! పరువు కూడా కావాలా? అయితే ఎదురు షాపులో ఉంటుంది అలాంటి సరుకు. కానీ ఆ మెట్లెక్కకండి బాబూ, నా మాట వినండి. అది మీలాంటివాళ్ల షాపు కాదు. ధర విని కళ్లు తిరిగి పడిపోతారు."

అంతే. కాంపౌండరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. మర్యాదంతా ఎగిరిపోయింది.

"ఏమనుకుంటున్నావయ్యా నువ్వు? నీ షాపులో గాలపు ముల్లు కూడా కొనను, పో!"

"కొనలేరు కాబట్టే కొనరు!"

రుసరుసలాడుతూ రోడ్డు దాటాడు. ఎదురు షాపావిడ అతన్ని చూస్తూనే ఫ్యాను వేసి కుర్చీ జరిపింది.

"కూర్చోండి అన్నయ్యగారూ. ఆయన నోట్లో పడ్డారా? మీ మొహం చూస్తేనే తెలుస్తోంది. ఆ మనిషికి నోరు కాదది, మురిక్కాలవ. ఇన్నేళ్లుగా ఎలా భరిస్తున్నానో నాకే తెలుసు. మీకు చిన్న ఏటికే కదా?"

అతను తలూపేలోపే రాడ్డు తీసి చేతిలో పెట్టింది. పొట్టిది, తేలికది. కొన తడితే వయ్యారంగా ఒంగి లేచింది. పిడి అరచేతిలో ఇమిడిపోయింది. ఎంత మర్యాద, ఎంత పనితనం! వ్యాపారం అంటే ఇలా చెయ్యాలి అనుకున్నాడు కాంపౌండరు.

ఆవిడ ధర చెప్పింది. చవక రాడ్డూ, బండి టైరూ కలిపినా అంత కాదు. బేరమాడదామని నోరు తెరిచాడు. తల తిప్పితే, రోడ్డవతల ఆ దుర్మార్గుడు నడుం మీద చేతులు పెట్టుకుని ఇటే చూస్తూ ఇకిలిస్తున్నాడు.

"ప్యాక్ చెయ్యండి," అన్నాడు కాంపౌండరు, అవతలికి వినబడేంత గట్టిగా.

టైరు డబ్బుతో పాటు జేబులో ఉన్న చిల్లర కూడా ఊడ్చి ఇచ్చాడు. ఆవిడ ఈక ఎర ఒకటి ఊరికే ఇచ్చింది, "మీకు జరిగిన అవమానానికి నా తరఫున" అంటూ. ఆ మాటకి అతనికి కళ్లు చెమర్చాయి.

బయటికొచ్చి, ఆ మొదటి షాపు ముందునుంచే కావాలని బండి నడిపించుకుంటూ వెళ్లాడు. రాడ్డు భుజం మీద ఠీవిగా పెట్టుకున్నాడు. షాపాయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. బాగా అయింది వెధవకి! రేపు తోడల్లుడి మొహం కూడా ఇలాగే మాడాలి. ఆ హుషారులో బండెక్కి పోనిస్తుంటే, మలుపులో వెనక టైరు జర్రున జారింది. కాలు ఆనించి నిలదొక్కుకుని, ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

బండి కనుమరుగవగానే ఆవిడ రోడ్డు దాటి, అరిచి అరిచి గొంతెండిపోయిన తన మొగుడికి మంచినీళ్ల గ్లాసు అందిస్తూ, "మరీ అంతలా తిట్టాలా అండీ, పాపం, సగం తిట్లకే నా దగ్గరికి వచ్చేసేవాడు" అంది.