ఎలా సారు

హన్మయ్య నోటుబుక్కు ఎర్ర సిరాతో తిరిగొచ్చింది.

'తోట కాపలా ముసలాయన దొంగ' అని తను రాసిన చోట ఒకే ఒక్క ప్రశ్న ఉంది. "నీకెలా తెలుసు?"

హన్మయ్యకు ఒళ్ళు మండింది. పదో తరగతిలో అతని దస్తూరీని మించింది లేదు. అంత ముచ్చటైన రాత మీద ఎర్ర సిరా!

"పాఠంల ఊరోళ్ళంత గట్లనే అంటరు గద సార్," అన్నాడు లేచి.

"ఊరివాళ్ళు అన్నారు, సరే. ఎవరైనా చూశారా? ఏ వాక్యంలో ఉందో చూపించు."

హన్మయ్య వెతికాడు. అలాంటి వాక్యం దొరకలేదు.

"అయితే ఎడమ పేజీలో 'ఊరివాళ్ళు అలా అన్నారు' అని మాత్రం రాయి. కుడి పేజీలో నీకేమనిపించిందో రాయి. తెలియకపోతే అడుగు. అడగకుండా మాత్రం రాయకు."

ఇంగ్లీషు చెప్పే దయానందం సారుది ఎప్పుడూ ఇదే వరస.

చేవెళ్ల, మొయినాబాదు నడుమ రోడ్డు పక్కనుంది ఆ హైస్కూలు. అంతకుముందు వచ్చిన ఇంగ్లీషు సార్లంతా కోస్తావాళ్ళే. బోర్డు మీద జవాబులు రాసేవారు, పిల్లలు బట్టీపట్టి గట్టెక్కేవారు. ఈయన గైడు ముట్టనివ్వడు. నోరు తెరిస్తే "ఎలా తెలుసు?" అంటాడు. అందరూ 'ఎట్ల' అనే చోట ఆ 'ఎలా' వింతగా వినిపించేది. పిల్లలు ఆయనకు 'ఎలా సారు' అని పేరు పెట్టేశారు.

మొయినాబాదులో ఎవరో ముసలమ్మ ఇంట్లో కిరాయికి ఉంటాడని అందరూ అనేవారు.

ఇంతలో పంతొమ్మిది వందల అరవై తొమ్మిది, తెలంగాణ ఉద్యమం వచ్చాయి. హైదరాబాదు పట్నంలో కాలేజీలు మూతబడ్డాయి. ఇక్కడి కొలువులు ఇక్కడివాళ్ళకే కావాలని, గైర్ ముల్కీలు, అంటే బయటివాళ్ళు, వెళ్ళిపోవాలని ఊరూరా ఊరేగింపులు. అడిగినదాంట్లో తప్పేమీ లేదు.

జెండా పట్టుకున్న నర్సింహులు తన క్లాసువాడైన హన్మయ్యను పిలిచాడు.

"గైర్ ముల్కీ సార్ల పేర్లు రాసి గేటుకు అంటియ్యాలె. నీ దస్తూరి మంచిగుంటది, నువ్వే రాయి."

హన్మయ్య ఉబ్బిపోయాడు. మొదటి పేరు దయానందం. ఊరు రాయాల్సిన చోట కలం ఆగింది.

"గీ సారుది ఏ ఊరురా?"

"గుంటూరని రాయి."

"నీకెట్ల ఎరుక?"

"నువ్వు గూడ ఎలా సారువైనవా? ఆయన మాట ఇంటలేవా?"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. హన్మయ్య గుండ్రటి అక్షరాలతో 'గుంటూరు' అని రాశాడు.

మర్నాడు దయానందం సారు బస్సు దిగి, గేటు ముందు నిలబడి చదివాడు. ఆ రాత ఎవరిదో ఆయనకు వేరే చెప్పక్కర్లేదు.

"హన్మయ్యా, నీకెలా తెలుసు?"

గుంపంతా గొల్లుమంది. "ఎలా! ఎలా!" అని ఎవడో వెక్కిరించాడు. హన్మయ్య కూడా నవ్వాడు.

సారు చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. క్లాసులో జవాబు కోసం ఆగినట్టే కాసేపు ఆగాడు. తర్వాత పట్నం వైపు వెళ్ళే బస్సు ఎక్కేశాడు. మళ్ళీ రాలేదు.

గొడవలతో మూతబడ్డ బడి మళ్ళీ తెరిచేసరికి ఎండాకాలం పోయి వానాకాలం కూడా పోయింది. ఇంగ్లీషు చెప్పడానికి ఎవరూ రాలేదు. ఒకరోజు హన్మయ్య ఆ పాఠం మళ్ళీ తీసి, ఈసారి చివరిదాకా చదివాడు.

ముసలాయన దొంగ కాదు.

హన్మయ్యకు గేటు మీది కాగితం గుర్తొచ్చింది. గుంటూరు సంగతి తను ఎవరినీ అడగలేదు. తన ముందు నిలబడ్డ మనిషినైనా అడగలేదు. తప్పయిందని చెప్పుకోవాలి, ఇప్పుడైనా అడగాలి అనుకుని మొయినాబాదు వెళ్ళాడు.

ముసలమ్మ పేరు కరుణమ్మ. వాకిట్లో కందులు చెరుగుతోంది.

"అవ్వా, దయానందం సారు కిరాయికుండేది గీ ఇంట్లనేనా?"

"కిరాయేంది బిడ్డా? కన్నతల్లి కొడుకు తాన కిరాయి తీసుకుంటదా?"

హన్మయ్య ఇంటి గుమ్మం వైపు చూశాడు.

"గీ ఇంట్లనే పుట్టిండు. రజాకార్ల గడబిడల పానం దక్కితే సాలని పదేండ్ల పిల్లగాన్ని పాదిరి ఎంట గుంటూరు బోర్డింగుకు పంపిన. ఆడ 'ఎట్ల' అంటే పోరగాండ్లు నవ్విండ్రట. ఏడ్సుకుంట ఆళ్ళ మాట నేర్సుకున్నడు. ఈడ నౌకరి దొరికిందనంగనే ఉరికొచ్చిండు, అమ్మ తాన ఉంటనని."

"మరి... గా సంగతి చెప్పకపాయె గదవ్వా?"

"ఈడోడేనని సర్కారిచ్చిన ముల్కీ కాయితం జేబులనే ఉండె. చూపియ్యకపోయినవా కొడుకా అంటే, 'ఒక్కరైనా అడుగుతారని ఆగానమ్మా' అన్నడు."

"ఇప్పుడు సారు ఏడున్నడు?"

కరుణమ్మ చాట పక్కన పెట్టింది.

"ఏడుంటడు బిడ్డా? గీడ నౌకరి ఇడ్సిపెట్టి, సదువుకున్న బోర్డింగుల్నే సారు పనికి కుదిరిండు. గుంటూరుల ఉన్నడు. నువ్వు ఆయన తాన సదువుకున్నవా?"

హన్మయ్య తలూపాడు. గేటు మీద కాగితం రాసింది తనేనని మాత్రం చెప్పలేదు.

ముల్కీ సార్లే కావాలని అరిచిన ఆ బడికి దొరికిన ఒకే ఒక్క ముల్కీ ఇంగ్లీషు సారును గుంటూరువాణ్ణి చేసింది హన్మయ్య ముచ్చటైన దస్తూరీయే.