సర్వీసు ఎన్నేళ్ళు?

లక్ష్మీప్రసాద్ బాబాయ్ పాత హెల్మెట్ ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఈ నెలాఖరుకి ఆయన రిటైరవుతున్నాడు. స్టీలు ప్లాంటులో నాన్నతో కలిసి పనిచేసిన గ్యాంగులో మిగిలిన ఆఖరి మనిషి ఆయనే.

ప్లాంటు నుంచి దిగిపోయేవాళ్ళ హెల్మెట్ల మీద ఫర్నేసు బొమ్మ వేసి, పేరూ సర్వీసు ఏళ్ళూ రాసివ్వడమే భిలాయి సెక్టారు మార్కెట్లో నా దుకాణం. ఫేర్‌వెల్ రోజు తోటివాళ్ళు దాన్ని బహుమతిగా ఇస్తారు. తొమ్మిదేళ్ళ కిందట నాన్న పోయిన నెలలోనే మొదటి ఆర్డరు వచ్చింది. అప్పట్నుంచీ వచ్చినవన్నీ ఆ గ్యాంగు చేతుల మీదుగానే. నా బొమ్మ నచ్చి వస్తున్నారని మురిసిపోయేదాన్ని.

"ఇంక ఆర్డర్లు రావమ్మా," అన్నాడు బాబాయ్. "గ్యాంగులో పర్మనెంటోళ్ళు అయిపోయినారు. ఇప్పుడున్నోళ్ళంతా ఠేకా మనుషులు, కాంట్రాక్టోళ్ళు. ఎవుడు ఎప్పుడెలిపోతాడో ఆడికే తెలీదు."

బ్రష్ ముంచి ఆయన పేరు మొదలుపెట్టబోయాను.

"నాది కాదు. లోపల సూడు."

తిప్పి చూశాను. పట్టీ మీద గోళ్ళరంగుతో వేసిన పువ్వు. చిన్నప్పుడు నేను వేసిందే.

"ఇన్నాళ్ళూ నా లాకర్లో దాచినాను. బతికుంటే గురునాథరావుకీ ఈ నెలాఖరే కదా రిటైర్మెంటు."

నాన్న పేరు రాశాను. ఏళ్ళ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"ఇరవయ్యేడు కదా బాబాయ్?"

"ముప్పయ్యారు రాసీ," అన్నాడు. "మిగిలిన తొమ్మిదేళ్ళూ ఆడి డ్యూటీ మేం సేసినాం, నీ దుకాణం కాడ."