కూర్మయ్య తాతకో సమాధి

తొంభై తొమ్మిది తుఫానులో కూలిన తోటలో కూర్మయ్య మళ్ళీ నాటిన కొబ్బరి, రెండువేల ఐదులో తొలి గెల వేసింది.

కూర్మయ్యకి సంతోషం కలగలేదు. కడుపు మండింది.

కొత్త తోట తొలి గెలను తాత సమాధి మీద పెట్టడం ఆ ఊరి ఆచారం. కూర్మయ్య తాత వరహాలును ఎక్కడ పాతిపెట్టారో ఎవరికీ తెలియదు. అందుకని ఆ ఇంటి గెల ఎప్పుడూ బావ పాపారావు తాత సమాధి మీదికే వెళ్ళేది.

ఆ సమాధి ఎత్తు గురించి పాపారావు చెప్పిన ప్రతిసారీ అది జానెడు పెరిగేది. కంచిలిలో నడుమెత్తు ఉన్నది టెక్కలి చేరేసరికి తాటిచెట్టును దాటిపోయేది.

"గెల ఎప్పుడు తెత్తన్నావు బావా? మా తాత ఆకలి మీదున్నాడు," అన్నాడు పాపారావు టీ కొట్టు దగ్గర.

"మీ తాతకి ఇంకేటి అరుగుద్ది? ఈపాలి మా తాతకే ఎడతాను."

"ఎక్కడున్నాడేటి మీ తాత? అడ్రసు సెప్పు, కార్డు ముక్క రాద్దాం!"

బల్ల మీద కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. టీ కాచేవాడు కూడా.

కూర్మయ్య తిన్నగా ఇంటికెళ్ళి అటక మీది ట్రంకుపెట్టె దింపాడు. పట్టాలు, శిస్తు రసీదులు, చెదలు తినగా మిగిలిన జాతకాలు. అడుగున ఒక పాత దస్తావేజు. దాని వెనక నాయనమ్మ తమ్ముడి చేతిరాత.

"బావ వరహాలు పడవలో కాయలు వేసుకెళ్ళి కొత్తరేవులో కలరాతో పోయాడు. సరుగుడు తోపు దగ్గర జాలర్లే పూడ్చిపెట్టారు."

మర్నాడే పాసింజరెక్కి సుమ్మాదేవిలో దిగాడు. ఆటో పోయినంత దూరం ఆటోలో, అది పోలేని చోట ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ కొత్తరేవు చేరాడు.

మగాళ్ళు వేటకెళ్ళారు. సరుగుడు తోపు ఉంది. ఎదురుగా సముద్రం ఉంది. ఎంత వెతికినా సమాధి కనిపించలేదు.

కూర్మయ్య ఒడ్డున చతికిలబడి ఏడ్చాడు. పాపారావు మీద కుళ్ళుతో మొదలైన ఏడుపు కాసేపటికి తాత కోసం నిజం ఏడుపయింది.

చేపలు ఎండబెడుతున్న ఒక ముసలమ్మ దగ్గరికొచ్చింది. పేరు నూకమ్మట.

"ఏటయింది బాబూ?"

కూర్మయ్య తన ఊరు, తాత పేరు చెప్పాడు, కలరా సంగతి చెప్పాడు. "అందరికీ తాతలున్నారు. నాకే లేడు!" అన్నాడు.

ఆమె ఒకసారి సముద్రం వైపు చూసింది. తరవాత, "రా బాబూ," అని తోపు వెనక్కి తీసుకెళ్ళింది.

అక్కడ ఒక సమాధి. చుట్టూ గవ్వలు పేర్చి ఉన్నాయి. ముందు ప్రమిదలో నూనె ఇంకా ఆరలేదు.

"ఈయనే," అంది.

కూర్మయ్య సాష్టాంగపడ్డాడు. లేచి ఒంటి ఇసక దులుపుకుంటుంటే ప్రమిద మళ్ళీ కంటబడింది.

"దీపం ఎవులు ఎడతన్నారు?"

"నానే బాబూ. రోజూ."

పాపారావు మీదున్న మంట సగం ఇటు తిరిగింది. మనవడు పెట్టని దీపం ఇదెవతె పెట్టడానికి?

తెచ్చిన చెంబులో సమాధి మీది ఇసక నింపుకున్నాడు. ఊళ్ళో ఈ ఇసక మీద కొత్త సమాధి కడితే పెద్దాయన అక్కడికి వచ్చేసినట్టే.

"ఇంక మరి ఇక్కడ దీపం ఎట్టకు. మా తాత మా ఊరొచ్చేత్తన్నాడు."

"ఎట్టను బాబూ." ఆమె ప్రమిద చేతిలోకి తీసుకుంది. "ఎండుసేపల పులుసంటే ఆయనకి పేనం. అప్పుడప్పుడు ఎట్టండి."

తన తాత నోటి రుచి తనకు తెలియదు, దీనికి తెలుసు! రైల్లో ఊరు చేరేదాకా కూర్మయ్య చెంబు ఒళ్ళోంచి దించలేదు. వెనకే వచ్చి లాక్కుంటుందేమోనని స్టేషన్ స్టేషన్‌కీ తొంగిచూశాడు.

సమాధి లేచింది. టైల్సు, పైన కప్పు, పాపారావు తాతదానికన్నా మూరెడు ఎత్తు. పాపారావుకి వారం రోజులు అన్నం సయించలేదని ఊళ్ళో చెప్పుకున్నారు. ఆ మాట విన్న పూట కూర్మయ్య పాపారావు వంతు కూడా తానే తిన్నాడు.

తొలి గెల పెట్టే రోజున ఊరంతా వచ్చింది. గేటు దగ్గర నూకమ్మ కూడా నిలబడింది.

"ఒక్కపాలి సూసుకోని ఎలిపోతాను బాబూ."

"ఎవులు బావా?" పాపారావు గొంతు పెంచాడు. "మీ తాత రేవులో కొబ్బరికాయల యాపారం ఒక్కటే సేసినాడా, ఇంకేటైనా సేసినాడా?"

జనం గొల్లుమన్నారు. కూర్మయ్య ముఖం కందిపోయింది.

"ఇన్నేళ్ళూ మా తాతని నీ కాడే ఎట్టుకున్నావు, సాలు! మళ్ళా వాటాకొచ్చినావా? ఎల్లు!"

ఆమె గేటు బయటినుంచే రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది. వెళ్ళిపోయింది.

వానాకాలం పోయాక ఒకామె చెంబు పట్టుకుని వచ్చింది.

"నాను పైడితల్లిని బాబూ, నూకమ్మ మేనకోడల్ని. అత్త పోనాది. తన సమాది మీద ఇసక అట్టుకెళ్ళి ఆయన పక్కన ఎట్టమంది."

చచ్చినా వదలదా ఈ ముసల్ది, అనుకున్నాడు కూర్మయ్య.

"మా తాత పక్కన మీ అత్తకి సోటేటి?"

పైడితల్లి చెంబును గుండెలకి దగ్గరగా పట్టుకుంది.

"మీ తాత సమాదిని సముద్రం ఎప్పుడో కలిపేసుకున్నాది బాబూ. ఒడ్డున మీరలా ఏడుత్తుంటే సూడనేక, మా అత్త తన పెనివిటినే మీకిచ్చేసినాది."