బీరువాలో బొమ్మలు

మహాజనులారా, మా అమ్మాయి బడికి ఆటబొమ్మలొచ్చాయహో! గోడ మీద “ఇక్కడ పిల్లల ఇష్టమే చదువు” అని కూడా రాయించారు.

తనిఖీ అధికారి వచ్చిన రోజు బొమ్మలన్నీ నేల మీద పరిచారు. పిల్లలు సొంతంగా అడగాల్సిన ప్రశ్నల్ని టీచరమ్మ ముందే బట్టీ పట్టించింది. మా పిల్ల వంతుకు “ఆకాశం నీలంగా ఎందుకుంటుంది?” వచ్చింది.

“ఏదైనా అడుగు తల్లీ,” అన్నాడు అధికారి.

“మీరెళ్ళాక బొమ్మలన్నీ బీరువాలో పెట్టి తాళమేసేస్తారండీ. మీరిక్కడే ఉండిపోకూడదూ?”

టీచరమ్మ ముఖాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

ఈ ప్రశ్న నా కల్పన. పిల్ల బుద్ధిగా ఆకాశం గురించే అడిగి చప్పట్లు కొట్టించుకుంది. ఇంటికొచ్చాకే ఏడ్చింది.

“నాన్నా, ఆయన వెళ్ళగానే బొమ్మలన్నీ బీరువాలో పెట్టేసి తాళమేశారు. ఆ తాళం బిగించింది నువ్వేగా?”

అది నిజం. వడ్రంగిని కదా, నేనే బిగించాను. రేపటి నుంచి ఆ తాళం పడదు. ఇదీ నిజమే.