కాంటాకు తాళం

దొంగ దొరికిండని లక్ష్మీరాజం సేటు పొద్దున్నే ఫ్యాక్టరీ గేటు ముందు ప్రకటించాడు.

బోధన్ నుంచి వర్ని పోయే దారిలో అతనిది చిన్న చక్కెర ఫ్యాక్టరీ. ఆ సీజనంతా రైతులకు ఒకటే అనుమానం. పొలంలో నిండుగా కనిపించిన చెరుకు, కాంటా ఎక్కేసరికి తేలిపోతోంది. చివరికి చందూరు రైతులు గేటుకు ట్రాక్టర్లు అడ్డం పెట్టి, సంగతి తేలేదాకా కదలమని కూర్చున్నారు.

"గీడే!" అంటూ సేటు కాంటా ఆపరేటర్ వీరస్వామిని ముందుకు నెట్టాడు. ఒక పెన్ డ్రైవ్ ఎత్తి చూపించాడు. "గిది కాంటా కంప్యూటర్ల పెట్టి మీ బరువు మింగిండు."

"అండ్ల చర్చి పాటలే ఉన్నయి సేటూ. బండ్లు లేనప్పుడు ఇంటుంట. కావాలంటే పెట్టి సూడుండ్రి," అన్నాడు వీరస్వామి.

ఎవరూ పెట్టి చూడలేదు.

"మా చెమట తినుకుంట దేవుని పాటలు ఇంటవారా?" అంది హన్మవ్వ. ఆమెది మూడెకరాల చెరుకు. వీరస్వామి ఉద్యోగం అక్కడికక్కడే పోయింది. తలొంచుకుని సైకిలెక్కాడు.

రైతులకు నమ్మకం కుదరాలి కదా! సేటు నిజామాబాద్ నుంచి ప్రమీలను పిలిపించాడు. కాంటా కంప్యూటర్లో లైనక్స్ ఎక్కించింది ఆమే. పైసా ఖర్చు లేకుండా పుక్కట్ల వస్తుందంటే సేటు ముచ్చటపడి పెట్టించుకున్న సిస్టం అది.

"పెన్ డ్రైవ్ నడవకుంట చెయ్యమ్మా. అందరి ముంగట చెయ్యి."

"పెన్ డ్రైవ్ ఒక్కటే ఎందుకు సార్? మీరు చెప్పినవాటికే పర్మిషన్ రాస్త. ఇంకేది తెచ్చి గుచ్చినా కంప్యూటర్ దాని దిక్కు సూడది. వేటికి ఇయ్యాలె?"

కాంటా గది కిటికీ నిండా రైతుల తలకాయలు. సేటు గొంతు పెంచాడు. "కాంటా, కీబోర్డు, ప్రింటరు. మా బాపు లేచొచ్చి పెట్టినా నాలుగోది నడవొద్దు!"

చప్పట్లు మోగాయి. ప్రమీల నాలుగు లైన్లు రాసి, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుండాలని అడిగింది. చప్పట్ల ఊపులో ఉన్న సేటు, "రైతుల తానే ఉండనీ!" అనేశాడు. రైతుల పెద్ద లింబయ్య దాన్ని బీడీకట్ట మీద రాసుకున్నాడు.

హన్మవ్వ ట్రాక్టర్ కాంటా ఎక్కింది. స్క్రీన్ చూసి ఆమె నమ్మలేదు. దింపించి మళ్లీ ఎక్కించింది. అదే బరువు. మొన్న ఇంతే లోడుకు వచ్చినదానికంటే చాలా ఎక్కువ. తర్వాత లింబయ్యది. అదీ అంతే.

"సూసిండ్రా? ఆడు పోంగనే కాంటా సక్కగయ్యింది!" అంది హన్మవ్వ.

అంతకంటే రుజువేం కావాలి? నలుగురు రైతులు వీరస్వామి మీద కేసు పెట్టడానికి పోలీస్ స్టేషన్‌కు బయల్దేరారు. మిగిలినవాళ్లు బంతిపూల దండ తెచ్చి సేటు మెడలో వేసి జై కొట్టారు.

సేటు నవ్వుతూ ఒంటి చేత్తోనే దండం పెట్టాడు. రెండో చెయ్యి ప్యాంటు జేబులో ఉంది, సీజనంతా బండ్ల బరువు తగ్గించిన బుల్లి రిమోట్‌ను నొక్కుతూనే ఉంది, కంప్యూటర్ వెనక తనే గుచ్చిన దాని రిసీవర్‌కు ఇక పర్మిషన్ లేదని తెలియక.