మూడో మంచం కేసు

"తాతగారూ, మీ జబ్బేంటో చెప్పేద్దురూ, మీకు పుణ్యముంటుంది," అన్నాడు కాబోయే డాక్టరు, స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకోవడం కూడా మరిచిపోయి.

మెడికల్ కాలేజీ ఫైనల్ పరీక్ష. అతనికిది మూడోసారి. ఈసారీ పోతే ఇంట్లో ఏ మొహం పెట్టుకుని నిలబడాలో తెలియదు.

మూడో మంచం మీది రిటైర్డ్ కండక్టరుకి మాత్రం ఇది పదకొండో పరీక్ష. విద్యార్థులు పరీక్షించే కేసుగా పడుకోవడమంటే ఆయనకి మహా సరదా. తన జబ్బు కంఠతా వచ్చు. పేషెంట్లు ఇలా అందించడం ఆ వార్డులో అందరికీ తెలిసిన రహస్యమే.

"రాసుకో. వయసుతో రక్తనాళాలు గట్టిపడ్డాయి, పాత రబ్బరు గొట్టంలాగా. సాగవు. అందుకని గుండె గట్టిగా తొయ్యాలి. పై బీపీ ఎక్కువ, కింది బీపీ తక్కువ. తోసీ తోసీ గుండె ఎడమవైపు గోడ మందమైంది. మెట్లెక్కితే ఆయాసం. నొప్పి లేదని కూడా చెప్పు, అడుగుతారు."

కాబోయే డాక్టరుకి ప్రాణం లేచొచ్చింది. అంతలో నర్సు తొంగిచూసి, ఎగ్జామినర్ మారారనీ, పెద్ద మేడమ్ వస్తున్నారనీ చెప్పి వెళ్ళింది.

ఆ మాట వినగానే పెద్దాయన లేచి కూర్చుని చెప్పుల కోసం వెతకసాగాడు.

"నేను దిగిపోతా బాబూ. ఆవిడ సంగతి నాకు బాగా తెలుసు. ఓ పట్టాన వదలదు."

"మీరు వెళ్తే నా కొంప మునుగుతుంది తాతగారూ."

పెద్దాయనది జాలిగుండె. మళ్ళీ పడుకుని, దుప్పటి ముక్కుదాకా లాక్కున్నాడు.

మేడమ్ వచ్చింది. మంచం వైపు ఒక్క చూపు చూసింది. పెద్దాయన గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. కాబోయే డాక్టరు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాడు. గొట్టం, గోడ, ఆయాసం, ఏదీ వదల్లేదు. ఆవిడ పేషెంటు నాడైనా పట్టకుండా అన్నిటికీ తలూపింది.

"బాగుంది. మందులు సరిగ్గా వేసుకుంటున్నారా?"

అతను మంచం వైపు చూశాడు. దుప్పటి అంచున ఒక బొటనవేలు పైకి లేచింది.

"ఒక్క పూటా మానలేదు మేడమ్."

"అదొక్కటే తప్పు," అంటూ ఆవిడ కాగితం మీద 'పాస్' అని రాసి సంతకం పెట్టింది. అతనికి కాళ్ళు నేలమీద ఆనలేదు. ఎవరికి దణ్ణం పెట్టాలో తోచక ఇద్దరికీ పెట్టేశాడు.

ఆవిడ వంగి, దుప్పటి మెల్లగా కిందికి లాగింది.

"నెల రోజుల మాత్రలూ పొద్దున మన బాల్కనీ పూలకుండీలో దొరికాయి, నాన్నా."