గొట్టంలో వదులు

ఆ రైఫిల్‌ని ముగ్గురు మెకానిక్‌లు చూశారు. గొట్టం బాగానే ఉంది, గురి తప్పేది దాన్ని కాల్చే పిల్ల చెయ్యి వణకడం వల్లేనని తేల్చేశారు. తెల్లారితే షూటింగ్ పోటీ. ఆ పిల్ల ఏడుపు దిగమింగుకుని, తుపాకులు బాగుచేసే తన పెద్దమ్మ ముందు రైఫిల్ పెట్టింది.

"నీ చేతికేం రోగం లేదే. తెల్లారేలోగా తేలుస్తా, వెళ్లి పడుకో," అంది పెద్దమ్మ.

అర్ధరాత్రి షెడ్డులో ఒంటరిగా, గొట్టాన్ని బల్లకు బిగించి, సీసపు బిళ్లను ఇత్తడి కడ్డీతో లోపలికి నెట్టింది. బిళ్ల బిగువుగా, ఒకే తీరుగా కదిలింది. గొట్టం మూతికి నాలుగు వేళ్ల దూరంలో మాత్రం చటుక్కున జారింది. అక్కడ గొట్టం వెంట్రుకవాసి బయటికి ఉబ్బి, లోపల వదులైంది. గురి చెదిరేది అందుకే. పెద్దమ్మ ఛాతీ పొంగింది.

"ముగ్గురికీ కళ్లున్నాయి గానీ వేళ్లు లేవు," అని నవ్వుకుంది.

సరిచూసుకుందామని బిళ్లను మళ్లీ మొదటి నుంచి నెట్టింది. వదులు చోటికి రాగానే కడ్డీ దానంతటదే వెనక్కి వచ్చింది. ఫ్యాను ఆపి, లైటు మూతి వైపు తిప్పింది. అక్కడ ఎవరూ లేరు. కడ్డీ మాత్రం కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి కదులుతోంది. సరిగ్గా ఆ ఉబ్బు దగ్గరే, తనలాగే ఓపిగ్గా ఎవరో తడిమి చూస్తున్నారు.

ఆమె కడ్డీని వదల్లేదు.

"ఎవరైతే నాకేం? ఈ వదులు ముందు పట్టింది నేను!" అంది గట్టిగా.

కడ్డీ ఆగింది. తర్వాత అవతలి వైపు నుంచి లాగడం మొదలైంది.

పెద్దమ్మ రెండు కాళ్లూ నేలకు తన్నిపెట్టి, పట్టు బిగించింది.